బూట్లు విప్పి ఆడినవాడు

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఐదు. రెండింటికి సమీయుల్లా పోలీస్ స్టేషన్‌కు వెళ్తాడు. ఆలోపు గంగన్న ఎక్కడున్నాడో నేను చెప్పాలి. చెప్పలేకపోతే కంపెనీ కాగితాల్లో అతను పరారైన దొంగ. దొంగను వెతికే తీరు వేరు, ఆపదలో ఉన్న మనిషిని వెతికే తీరు వేరు. కడప క్రైమ్ స్టేషన్లో ఇరవై రెండేళ్ళు హెడ్ కానిస్టేబుల్‌గా చేసి వచ్చినవాణ్ణి, ఆ తేడా నాకు తెలుసు.

నా పేరు అక్బర్. ఒమన్‌లో, మస్కట్ పక్క అల్ మవాలేలో మా ఆఫీసు. పెళ్ళిళ్ళకు, ఫంక్షన్లకు స్టేజీలు, లైట్లు, జనరేటర్లు పెట్టే కంపెనీ. నా చొక్కా జేబుకు సెక్యూరిటీ ఆఫీసర్ అని బిళ్ళ ఉంటుంది. వైరు పోయినా మనిషి పోయినా వెతికేది నేనే.

నిన్న రాత్రి ఖబూరా దాటాక సముద్రం ఒడ్డున ఒక ప్రైవేటు తోటలో పార్టీ. సైకెడెలిక్ ట్రాన్స్ అంటారు దాన్ని. పాటలో మాట ఉండదు, మొదలూ చివరా తెలియదు, దరువు మాత్రం తెల్లారేదాకా ఆగదు. ఎండలు ముదిరేలోపు ఈ సీజనుకు ఇదే ఆఖరిది. మూడొందల మంది వచ్చారు. పెద్ద స్టేజీ తెల్లవారి ఐదింటిదాకా నడిచింది. చిన్న స్టేజీ మాత్రం పన్నెండింటికే మూసేశాం. దాని సామాను ఈ సాయంత్రం షినాస్‌లో ఒక పెళ్ళికి కావాలి. కంటైనర్ లారీలో ఎక్కించి పంపేశాం.

తెల్లారాక లెక్క చూసుకుంటే రెండు తగ్గాయి. ఒకటి, చిన్న స్టేజీ డీజే పాటలు కలపడానికి వాడిన కన్సోల్ పెట్టె. రెండు, గంగన్న.

గంగన్నది జగిత్యాల దగ్గర పల్లె. నలభై ఒక్కేళ్ళు. చిన్న స్టేజీ జనరేటర్ అతనిదే. ఆదివారం ఇంటికి టిక్కెట్టుంది, మూడేళ్ళ నాలుగు నెలల తర్వాత. బుధవారం వ్యాన్లో వస్తుంటే వెనక సీట్లోంచి ముందుకు వంగి, “సార్, ఇంటికి పోకముందు మీకొక మాట చెప్పిపోవాలె. ఆ టవర్ మీంచి పడ్డ పిలగాని ముచ్చట. జుమ్మా నాడు చెప్త,” అన్నాడు. పోయినేడాది మా సైట్లో లైట్ల టవర్ మీంచి ఒక పనివాడు పడి చనిపోయాడు. బెల్టు పెట్టుకోలేదు, తన తప్పే అని సమీయుల్లా రిపోర్టు రాసి మూసేశాడు. నాకు మాత్రం ఆ ఫైలు మూతపడలేదు. గంగన్న ఆ మాట అన్నప్పుడు సమీయుల్లా నా పక్క సీట్లోనే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

ఇవాళ జుమ్మా. చెప్పేవాడు లేడు.

జనరేటర్ల గుడారంలో ముందు కనపడింది బూట్లు. సేఫ్టీ బూట్లు, రెండూ పక్కపక్కన, గోడవైపు మడమలు పెట్టి, లోపల మేజోళ్ళు మడిచి. పారిపోయేవాడు బూట్లు వదలడు. సముద్రంలో పడదామనుకున్నవాడు మేజోళ్ళు మడవడు. ఇది లోపలికి వెళ్ళి మళ్ళీ వచ్చేవాడు విప్పినట్టుంది.

బూట్ల పైన ప్లగ్గు బోర్డుకు గంగన్న ఫోన్ వేలాడుతోంది. మా వాళ్ళందరి ఫోన్లూ రాత్రి అక్కడే చార్జింగు పెడతారు. పొద్దున ఆరింటికి అందరివీ తీసి ఇచ్చాను, ఇదొక్కటే మిగిలింది. నేను చెయ్యి వేసేలోపే మోగింది. పద్నాలుగు మిస్డ్ కాల్స్, పదిహేనోది ఇది.

“ఎవరు? ఆయన ఫోన్ మీ దగ్గరెందుకున్నది?” ఆడ గొంతు.

“కంపెనీ సెక్యూరిటీ అక్బర్‌ను తల్లీ. నువ్వు సుమలతవా?”

“అవ్ సార్. రోజు పొద్దుగాల నేను లేచే యాళ్ళకు ఫోన్ జేస్తడు. లెవ్వు సుమలతా, నాలుగున్నరైంది అంటడు. నాకు అలారం లేదు సార్, మూడేండ్లకెల్లి ఆయన గొంతే. ఇయ్యాల చెయ్యలే. ఏదన్న గొడవైందా?”

“వెతుకుతాండాం తల్లీ.”

“ఆదివారం వస్తడని ఇంటికి సున్నమేపిచ్చిన. సార్, బతికున్నడా లేదా, ఆ ఒక్క మాట చెప్పున్రి. కడమది నేను సూసుకుంట.”

చెప్తానన్నాను. ఫోన్ జేబులో పెట్టుకున్నాను. నా భార్య బిల్కీస్ కూడా నాకిలాగే చేసేది, అన్నం తిన్నావా అని, నిద్రపోయావా అని. ఐదేళ్ళు నేను ఇంటికి వెళ్ళకపోయేసరికి మానేసింది. ఇప్పుడు నేను చేస్తే ఎత్తుతుంది, అడిగినదానికి చెప్తుంది, అంతే. ఆమె గొంతులో ఆ పాత తొందర వినాలని నాకు ఎంతగా ఉంటుందో ఎవరితోనూ చెప్పుకోలేదు.

గుడారం నుంచి కాలి గుర్తులు పట్టుకుని నడిచాను. పెద్ద స్టేజీ వైపు ఇసుకంతా మూడొందల మంది తొక్కి దున్నేశారు, అక్కడ దొరికేదేమీ లేదు. చిన్న స్టేజీ వెనక మాత్రం పన్నెండు తర్వాత అతిథులెవరూ రాలేదు. అక్కడ అతిథులు చలిమంట వేసుకున్న గుంట ఉంది, బూడిద ఇంకా వెచ్చగా ఉంది. గుంట చుట్టూ చెప్పుల గుర్తుల మీద ఒకే మనిషి పాదాలు, ఉత్త కాళ్ళు. రెండడుగులు ముందుకు, మూడో అడుగు మడమ దిగబడేలా దరువు. మళ్ళీ రెండు, మళ్ళీ దరువు. గుండ్రంగా ఇరవై చుట్లయినా తిరిగి ఉంటాడు.

కడపలో మొహర్రం నాడు పీర్ల గుండం చుట్టూ మేం వేసిన అడుగులివి. హిందువులు, ముసల్మానులు అని చూసుకోకుండా, చెప్పులు ఊరి చివరే వదిలేసి, డప్పు ఆగేదాకా తిరిగేవాళ్ళం. ఆడవాళ్ళు అవతల అరుగుల మీద నిలబడి చూసేవాళ్ళు. బిల్కీస్‌ను నేను మొదట చూసింది ఆ మంట అవతలే. నిన్న రాత్రి గేటు దగ్గర డ్యూటీలో నిలబడి ఆ సంగీతం వింటుంటే నా కాలు కూడా తెలియకుండా ఆడింది. సిగ్గేసి ఆపుకున్నాను. గంగన్న ఆపుకోలేదు.

ఆ ఉత్త పాదాలు గుంట దగ్గర్నుంచి స్టేజీ తెర అవతలికి వెళ్ళాయి. మడమలు అక్కడ ఇంకా లోతుగా దిగాయి, అంటే చేతుల్లో బరువుంది. ఇరవై అడుగులు పోయాక టైర్ల గుర్తులు మొదలయ్యాయి, పాదాలు ఆగిపోయాయి.

“ఇసుకల ఏం దేవులాడుతున్నరు అక్బర్ భాయ్?”

సమీయుల్లా. హైదరాబాద్ మనిషి, కంపెనీలో కాగితాలూ పర్మిట్లూ లారీలూ అన్నీ అతని చేతిలోనే. ఎంత ఎండలోనూ ఇస్త్రీ చొక్కా నలగదు. చేతిలో ఫిర్యాదు కాగితం రెడీగా ఉంది.

“మనిషిని,” అన్నాను.

“మనిషి ఇసుకల ఉండడు. గెస్టుల కార్లల్ల ఉంటడు. రెండింటికి ఈ జాగ నిండ కార్లే. డబ్బా ఎత్తుకుండు, ఎవనిదో కారెక్కిండు, పోయిండు. ఖతం.”

“ఆదివారం టిక్కెట్టున్నోడు గురువారం పారిపోతాడా?”

“టిక్కెట్టున్నదంటే ఎవరికీ షక్ రాదు గదా. హోషియార్ ఆద్మీ.”

“బూట్లు వదిలేసే హుషారు నేనెప్పుడూ చూల్లేదు. లారీలో చూసినావా?”

అతను నవ్వాడు. చంకలోని రిజిస్టరు తీసి తెరిచి నా ముక్కు కింద పెట్టాడు. “పన్నెండూ ఇరవైకి సామాను లిస్టు. ఒంటిగంటకు తాళం. ఒకటీ పావుకు గేటు దాటింది, గేటు కాడ సంతకం మీదే. తాళం నేనే ఏసిన. టార్చి కొట్టి మూల మూల చూసిన, సామాను దప్ప ఎవ్వడు లేడు. ఇగ ఆ లైట్ల పని చేసే సంజీవ్ ఏమన్నడు? రెండింటిదాక గంగన్న మంట కాడ ఎగురుతుండె అన్నడు. ఒకటీ పావుకు పోయిన లారీల రెండింటిదాక ఎగిరినోడెట్ల ఉంటడు భాయ్? క్రైమ్ స్టేషన్ల లెక్కలు నేర్పలేదా?”

నేర్పారు. అందుకే లారీ సంగతి పొద్దున్నే నేను కూడా కొట్టేశాను. అతను చెప్పిన లెక్కే నేనూ వేసుకున్నాను. ఆ లెక్క తప్పని చెప్పడానికి నా దగ్గర ఈ పాదాలు తప్ప ఏమీ లేదు, వాటి మీద టైము రాసి ఉండదు.

“రెండింటికి స్టేషన్‌కు పోత,” అన్నాడు సమీయుల్లా. “టవర్ ఫైలు లెక్క దీన్ని గూడ సాగదీయకున్రి.”

“ఒంటిగంటా ఇరవై ఐదే అయింది. సంజీవ్‌ను ఇంకోసారి అడుగుతా. నువ్వూ రా, నీ ముందరే అడుగుతా.”

సంజీవ్ లైట్ల పెట్టెల మధ్య కూర్చుని కేబుల్ చుడుతున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి, గంగన్న పక్క ఊరే. ఒమన్ వచ్చి ఇరవై రోజులు. ఆ కేబుల్‌ను పొద్దుట్నుంచి చుట్టి విప్పి చుడుతున్నాడని నాకు తెలుసు.

“ఇంకోసారి చెప్పప్పా. గంగన్న ఎప్పట్నుంచి ఎప్పటిదాకా ఆడినాడు?”

“చెప్పిన గద సార్. ఒకటిన్నరకెల్లి రెండింటిదాక.”

“సుమారుగానా, సరిగ్గానా?”

“సరిగ్గనే సార్. చూసిన.”

“దేంట్లో చూసినావు?”

కేబుల్ చుట్టే చెయ్యి ఆగింది.

“నీ ఫోన్ రాత్రంతా జనరేటర్ కాడ ఉండె. పొద్దున ఆరింటికి నేనే తీసి నీ చేతికిచ్చినా. నీకు గడియారం లేదు. ఇట్లాంటి పార్టీల్లో గోడ గడియారం పెట్టరు, వచ్చినోళ్ళు టైము మర్చిపోవాలనే పెట్టరు. మరి రెండయిందని నీకెట్లా తెలిసె?”

సంజీవ్ సమీయుల్లా వైపు చూశాడు, నా వైపు చూశాడు. అబద్ధం చెప్పేవాడి చూపు కాదది, భయపడ్డవాడిది. ప్యాంటు జేబులోంచి దస్తీ తీశాడు, అందులో చుట్టి ఒక గడియారం. స్టీలుది, పట్టా అరిగిపోయి ఉంది.

“నేను తీస్కోలే సార్. ఆయనే ఇచ్చిండు. బూట్లు ఇప్పిండు, గడియారం ఇప్పి వట్టుకో అన్నడు. పొద్దుగాల దొంగ దొంగ అనవట్టిరి. నా తాన జూస్తె నన్ను గూడ కలుపుతరని బయటికి తియ్యలే.”

“దేఖో,” అన్నాడు సమీయుల్లా. “ఇంకొక దొంగ.”

“ఉండు. సంజీవ్, ఎందుకు ఆడినాడు గంగన్న? ఆ సంగతి చెప్పు.”

సంజీవ్ తల వంచుకున్నాడు. “గెస్టులు ఆడే కాడికి మేం పోవద్దని రూలున్నది గద సార్. అందుకే మంట కాడనే నిలవడ్డం. ఆయన జనరేటర్ బంద్ జేసిండు, డ్యూటీ అయిపోయింది. పెద్ద స్టేజీ దరువు ఇనవడుతున్నది. జరసేపైనంక, అరే సంజీవ్, ఇది మన పీర్ల దరువేరా, జర ఉరికిచ్చి కొడుతున్నరు అంతే అన్నడు. ఇగ మొదలువెట్టిండు. కండ్లు మూసుకొని ఆడిండు సార్. నవ్వుతున్నడు, ఏడుస్తున్నడు, నాకు సమజ్ గాలే. ఆగినంక అన్నడు, ఊర్ల ఆడితే సుమలత మంట అవతల నిలవడేది, ఇప్పుడు గూడ నిలవడ్డట్టే అనిపిస్తున్నదిరా అన్నడు.”

నేను ముఖం తుడుచుకున్నాను, చెమటేమీ లేదు.

“తర్వాత?”

“నువ్వు పో, నేనీ పెట్టె సర్ది జర నడుం వాలుస్త అన్నడు. నన్ను పెద్ద స్టేజీ లైట్ల కాడికి పిలిస్తిరి, టవరెక్కిన. ఇగ చూడలే.”

నడుం వాలుస్తానన్నాడు. ఎక్కడ వాలుస్తాడు? జనరేటర్ పక్కన ఆ మోతకు ఎవడూ పడుకోలేడు. ఇసుక మీద పడుకుంటే మంచు. ఈ తోట మొత్తంలో మెత్తగా, చీకటిగా, చప్పుడు లేకుండా ఉండే చోటు ఒక్కటే. సామానుకు చుట్టే దుప్పట్లు పరిచిన లారీ. మా వాళ్ళందరూ అందులో కునుకు తీస్తారు, నేను ఎన్నోసార్లు తిట్టి దించాను కూడా.

కానీ టైము. మళ్ళీ ఆ టైమే అడ్డం.

చేతిలో గడియారం తిప్పి చూశాను. మూడూ ఐదు. నా ఫోన్లో ఒకటీ ముప్పై ఐదు.

పాడైందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాను. శుభ్రంగా కొట్టుకుంటోంది. సెకన్ల ముల్లు నా ఫోన్‌తో సమానంగా పోతోంది. తేడా సరిగ్గా గంటన్నర, నిమిషం ఎక్కువా లేదు తక్కువా లేదు. లెవ్వు సుమలతా, నాలుగున్నరైంది. ఆమె లేచే నాలుగున్నర ఇక్కడ తెల్లవారుజామున మూడు. మూడేళ్ళుగా గంగన్న ఇక్కడి టైముకు డ్యూటీ చేశాడు, చేతికి మాత్రం ఇంటి టైము కట్టుకున్నాడు. కొత్తగా వచ్చిన సంజీవ్‌కు ఆ సంగతి తెలియదు. ఇరవై రెండేళ్ళు క్రైమ్‌లో చేసిన నాకు, ఐదేళ్ళుగా ఫోన్లో కడప టైము చూసుకుంటూ పడుకునే నాకు, తట్టలేదు.

“రెండింట్లో గంటన్నర తియ్యి,” అన్నాను సమీయుల్లాతో. “పన్నెండున్నర. గంగన్న ఆట ఆపేటప్పటికి నీ సామాను లిస్టు అయిపోయింది, అందుకే ఆ పెట్టె లిస్టులో లేదు. నీ తాళం ఇంకా పడలేదు.”

అతను రిజిస్టరు మళ్ళీ తెరిచాడు. నేను అప్పటికే లారీ డ్రైవర్ దానిష్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

“హా భాయ్.” నిద్ర గొంతు.

“లారీ యాడుంది?”

“షినాస్ యార్డుల. రాత్రి రెండున్నరకు పెట్టిన. సాయంత్రం ఐదింటికి గదా దించేది. నేను వెనక రూముల పండుకున్న.”

“నీడలోనా, ఎండలోనా?”

“ఎండలనే భాయ్. ఏమైంది?”

“పరిగెత్తు. ఫోన్ పెట్టొద్దు.”

చెప్పుల చప్పుడు, రొప్పు. గేటు తెరుచుకున్న చప్పుడు. “రేకు కాలుతున్నది భాయ్, చెయ్యి పెట్టలేకున్న.”

“రాయితో కొట్టు. కొట్టి ఆగు.”

మూడు దెబ్బలు వినపడ్డాయి. తర్వాత ఏమీ లేదు. సంజీవ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. నేను అంకెలు లెక్కపెట్టాను, పదకొండు దాకా వచ్చాను. అప్పుడు లోపల్నుంచి, చాలా నెమ్మదిగా, ఠక్, ఠక్, కొంచెం ఆగి ఒక గట్టి దెబ్బ. మళ్ళీ ఠక్, ఠక్, గట్టి దెబ్బ.

“పీర్ల దరువు సార్,” అని సంజీవ్ అక్కడే కూలబడి ఏడ్చేశాడు.

“అల్లా,” అన్నాడు దానిష్. “లోపల మనిషున్నడు. తాళం చెవి నా తాన లేదు, సమీయుల్లా సాబ్ తాననే ఉంటది.”

ఆ చెవి సమీయుల్లా నడుముకున్న గుత్తిలో వేలాడుతోంది. ఇక్కణ్ణుంచి షినాస్ గంట దారి. “దానిష్, ఠైరో,” అన్నాడు సమీయుల్లా గబగబా. “కంపెనీ తాళం అది. పర్మిషన్ లేకుండ పగలగొడితే నీ డ్యూటీ పోతది. నేనొస్తున్న.”

“పగలగొట్టు దానిష్,” అన్నాను. “పూచీ నాది.”

ఇనుము మీద ఇనుము. లోపలి దరువు మెల్లగా తగ్గింది, ఆగిపోయింది. దానిష్ ఇంకా కొడుతూనే ఉన్నాడు, మధ్యలో దుఆ చదువుతున్నాడు. తర్వాత తలుపు కీచుమంది.

“ఉన్నడు భాయ్. డబ్బా పక్కన, దుప్పట్ల మీద. కండ్లు తెరిచిండు. పెదాలు పగిలినయ్.”

“నీడకు లాగు. నీళ్ళతో గుడ్డ తడిపి ఒళ్ళంతా తుడువు. తాగడానికి కొంచెం కొంచెమే ఇయ్యి. అంబులెన్స్‌కు నేను చేస్తా.”

“ఏదో అడుగుతున్నడు. టైమెంతైంది అంటున్నడు భాయ్.”

చేతిలో గడియారం చూశాను. “ఇంటికాడ మూడూ పదిహేనని చెప్పు.”

సంజీవ్ ఫోన్ తీసుకుని అంబులెన్స్‌కు యార్డు చిరునామా చెప్పాను, పోలీసులకు కూడా చెప్పమన్నాను. మళ్ళీ స్పీకర్ దగ్గరికి వచ్చేసరికి గంగన్న గొంతు. గొంతు కాదు, ఊపిరి.

“సార్, సుమలతను లేపలే ఇయ్యాల.”

“లేచింది గంగన్నా. నాతో మాట్లాడింది. నువ్వు మాట్లాడొద్దు.”

“చెప్పాలె సార్. టార్చి కొట్టిండు. నా మొఖం మీదనే వడ్డది. చెయ్యి లేపిన, నన్ను చూసిండు. సమీయుల్లా సార్ గద, మనోడే, పొయ్యేటప్పుడు లేపుతడు అనుకున్న. మల్ల కండ్లు మూసుకున్న. తాళం వడ్డంక తెలిసింది, రేకు కొట్టిన, పాట మోతల ఎవ్వలకు ఇనవడలే. ఆ టవర్ ముచ్చట...”

“అది నేనొచ్చి వింటా. దానిష్, నేను వచ్చేదాకా గంగన్న పక్కనుంచి కదలొద్దు. అంబులెన్స్ వాళ్ళకు తప్ప ఎవరికీ గేటు తియ్యొద్దు, కంపెనీ వాళ్ళకు కూడా.”

వెనక్కి తిరిగాను. సమీయుల్లా లేడు. ఫిర్యాదు కాగితం లైట్ల పెట్టె మీద ఉంది, దాని మీద గాలికి ఎగరకుండా తాళం చెవుల గుత్తి పెట్టి ఉంది. తోట గేటు దగ్గర అతని తెల్ల కారు తిరగడం చూశాను. ఎడమకు తిరిగితే మస్కట్, కుడికి తిరిగితే షినాస్. అది కుడికి తిరిగింది.

వ్యాన్ వైపు పరిగెత్తాం. సంజీవ్ ఎక్కి తలుపు వేసేలోపు నా జేబులో గంగన్న ఫోన్ మోగింది. పదహారోసారి. నేను స్టీరింగ్ వదల్లేక దాన్ని సంజీవ్ ఒళ్ళోకి వేశాను.

“ఎత్తు. బతికే ఉన్నాడని చెప్పు.”

“ఆదివారం వస్తడా అని అడుగుతది సార్. ఏం చెప్పాలె?”

ముందు రోడ్డు మీద తెల్ల కారు చిన్నదవుతోంది.

“అది మాత్రం ఇంకా తెలీదని చెప్పు,” అన్నాను.